శుభ్రత ఒక ఎత్తు, అతుకు మరొక ఎత్తు – రూట్ కెనాల్ వెనుకనున్న రసాయనం

పాత గోడకు కొత్తగా సున్నం వేయించేటప్పుడు పనివాడు ముందు పెచ్చులు గీకి, దుమ్ము దులిపి, నీళ్ళు చల్లి, ఆ తరువాతనే కుంచె పట్టుకుంటాడు. శుభ్రం చేయని గోడకు సున్నం నిలవదన్న సంగతి మనందరికీ తెలిసినదే. అయితే గోడను కడగడానికి వాడిన ద్రవమే సున్నాన్ని పట్టనీయకుండా చేస్తే ఏమి చేయాలి? కడగకపోతే పని చెడుతుంది. కడిగితే పూత నిలవదు. రూట్ కెనాల్ చికిత్స చేసే దంతవైద్యునికి సరిగా ఇటువంటి సంకటమే ఎదురవుతున్నది. పంటి వేరులోని సూక్ష్మజీవులను చంపడానికి వాడే మందు, ఆ తరువాత పంటిని మూసివేయడానికి వాడే రెజిన్ బంకకు విరోధి. ఈ విరోధం ఎందుకు కలుగుతున్నది, దానిని తీర్చే ఉపాయమేమిటి అన్నదే ఈ వ్యాసంలోని విషయం. వ్యాసకర్త రసాయన శాస్త్రవేత్తయే గాని దంతవైద్యుడు కాడు. కనుక ఇందులో చెప్పేది చికిత్సా విధానం కాదు, ఆ చికిత్స వెనుకనున్న రసాయనం.

ఇది మనకెందుకని కొందరు అడగవచ్చు. అమెరికాలో రూట్ కెనాల్, దానిపై తొడుగు కలిసి వేల డాలర్ల వ్యవహారం. అనేక దంత బీమా పథకాలు ఏడాదికి వెయ్యి, పదిహేను వందల డాలర్లు దాటి చెల్లించవు. వయోవృద్ధులకు ప్రభుత్వమిచ్చే అసలు మెడికేర్‌లో మామూలు దంతవైద్యం చేరి లేదు. అందువల్ల నొప్పి తగ్గేవరకు చికిత్స చేయించుకొని, పైతొడుగు సంగతి వచ్చే ఏటి బీమాకో, సెలవులలో హైదరాబాదుకో విజయవాడకో వెళ్ళినప్పటికో వాయిదా వేసుకొనేవారు మనలో ఉన్నారు. చూడవచ్చిన తల్లిదండ్రులకు పన్ను నొప్పి వస్తే ఈ వాయిదా మరింత సహజంగా కనిపిస్తుంది. బీమా సంస్థ వాయిదాలకు ఒప్పుకొంటుందేమో గాని రసాయనం ఒప్పుకోదు.

పంటిలో ఏమున్నది?

పంటి పైభాగాన మెరిసే పొర ఎనామిల్. బరువులో సుమారు 96 శాతం ఖనిజమే కాబట్టి అది రాతివంటిది. దాని అడుగున ఉండే డెంటిన్ అటువంటిది కాదు. దాని బరువులో సుమారు 70 శాతం హైడ్రాక్సీ ఎపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేటు ఖనిజం, 20 శాతం సేంద్రియ పదార్థం, 10 శాతం నీరు. ఆ సేంద్రియ పదార్థంలో అత్యధిక భాగం కొలాజెన్ అనే ప్రోటీను. కాంక్రీటు కప్పులో ఇనుప ఊచల వలె ఈ కొలాజెన్ పోగులు ఖనిజం మధ్య అల్లుకొని ఉంటాయి. ఎముకలోనూ ఇదే ఏర్పాటు.

డెంటిన్ పొడవునా సూక్ష్మనాళికలు ఉంటాయి. వీటి వ్యాసం ఒకటి, రెండు మైక్రానులు. చదరపు మిల్లీమీటరు వైశాల్యంలో ఎనామిల్ సమీపాన సుమారు 20,000, పంటి మధ్యనున్న దంతమజ్జ సమీపాన సుమారు 45,000 నాళికలు కనిపిస్తాయి. పుచ్చు లోతుకు దిగి మజ్జ చెడిపోయినప్పుడు సూక్ష్మజీవులు వేరుకాలువలోనే గాక ఈ నాళికలలో కూడా కాపురం పెడతాయి. ఆకురాయి వంటి సన్నని పనిముట్లతో కాలువను ఎంత గీకినా వాటిని చేరుకోవడం అసాధ్యం. పైగా వేరుకాలువ తిన్నని గొట్టం కాదు. చీలికలు, పక్కదారులు, ఇరుకైన మూలలు ఉన్న గుహ వంటిది. అందుచేత గీకుడు సగం పనియే. మిగిలిన సగం చేయవలసినది ద్రవం.

యుద్ధరంగం నుంచి పంటివేరుకు

ఆ ద్రవం పేరు సోడియం హైపోక్లోరైట్. ఇంట్లో తెల్లబట్టలకు వాడే బ్లీచ్ అదే. మన ఊళ్ళలో బావులలో చల్లే బ్లీచింగ్ పౌడరుకు ఇది దగ్గరి చుట్టం. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1915లో, ఆంగ్ల రసాయన శాస్త్రవేత్త హెన్రీ డేకిన్, శస్త్రవైద్యుడు అలెక్సిస్ కారెల్‌తో కలిసి ఫ్రాన్సులోని కాంపియేన్ ఆసుపత్రిలో సైనికుల గాయాలు కుళ్ళకుండా కాపాడే మందు కోసం ప్రయత్నించి, సుమారు అర శాతం గాఢత గల హైపోక్లోరైట్ ద్రావణాన్ని ఎంచుకొన్నాడు. డేకిన్ ద్రావణమనే పేరుతో అది నేటికీ వాడుకలో ఉన్నది. దంతవైద్యులు త్వరలోనే దానిని అందిపుచ్చుకొన్నారు. 1941లో ఫిలడెల్ఫియాకు చెందిన లూయీ గ్రాస్‌మన్ తన సహచరునితో కలిసి వివిధ ద్రవాలను పోల్చి చూసి, దంతమజ్జను కరిగించడంలో హైపోక్లోరైట్‌దే పైచేయి అని చూపాడు. నేడు సాధారణంగా అర శాతం నుంచి ఆరు శాతం వరకు గాఢత గల ద్రావణాలను వాడుతున్నారు.

దాని బలం రెండు విధాలు. ఒకటి, హైపోక్లోరస్ ఆమ్లం, హైపోక్లోరైట్ అయాను రెండూ తీవ్రమైన ఆక్సీకరణులు. సూక్ష్మజీవుల ఎంజైములను పాడుచేసి వాటిని చంపుతాయి. రెండు, అది ప్రోటీనులను ముక్కలు చేసి కరిగిస్తుంది. చెడిపోయిన మజ్జను కరిగించి, క్రిములను కూడా చంపగల గుణం వాడుకలో ఉన్న మరే ద్రవానికీ ఈ స్థాయిలో లేదు. కాబట్టి దానిని మానుకొనే ప్రశ్న లేదు.

అయితే ఖనిజం మీద దాని ప్రభావం స్వల్పం. పనిముట్లు గీకినప్పుడు రాలిన రజను కాలువ గోడలకు పూతలాగా అంటుకొని నాళికల నోళ్ళు మూస్తుంది. దీనిని తొలగించడానికి 17 శాతం ఈడీటీఏ ద్రావణాన్ని వాడతారు. ఈ అణువు కాల్షియం అయానును పట్టకారుతో పట్టినట్లు పట్టి బయటికి లాగుతుంది. చిలుము పట్టిన రాగిచెంబును చింతపండుతో తోమినప్పుడు కూడా కొంతవరకు జరిగేది ఇదే. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం లోహపు అయానులను పట్టుకొని చిలుమును కరిగిస్తుంది.

రెజిన్ ఎట్లా అతుక్కొంటుంది?

క్రిములు పోయిన తరువాత కాలువను గట్టాపర్చా అనే చెట్టుపాల బంకతో నింపి, పైనున్న గదిని రెజిన్‌తో మూస్తారు. పన్ను బాగా అరిగిపోయి ఉంటే కాలువలో గాజుపోగుల కడ్డీని రెజిన్ సిమెంటుతో అతికించి, దానిపై కట్టడం లేపుతారు.

పంటికి రెజిన్ అతికించే విద్యకు పునాది అమెరికాలోనే పడింది. 1955లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో మైకేల్ బ్యూనకోర్ ఎనామిల్‌ను ఫాస్ఫారిక్ ఆమ్లంతో ముప్ఫై సెకన్లు తడిపి, గరుకుబారిన ఆ ఉపరితలానికి రెజిన్ గట్టిగా పట్టుకొంటుందని చూపాడు. లోహానికి రంగు బాగా పట్టడానికి కర్మాగారాలలో ఫాస్ఫారిక్ ఆమ్లం వాడుతున్నారన్న సంగతియే ఆయనకు ప్రేరణ. 1962లో నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో పనిచేసిన రాఫెల్ బోవెన్ బిస్-జీఎంఏ అనే మెథాక్రిలేట్ రెజిన్‌కు పేటెంట్ పొందాడు. ఈనాటి తెల్ల ఫిల్లింగులలో అనేకం ఆ వంశంలోనివే.

డెంటిన్ మాత్రం అంత సులభంగా లొంగలేదు. తడిగా, ప్రోటీనుతో నిండి ఉన్న ఆ పదార్థానికి నూనె స్వభావం గల రెజిన్ ఎట్లా పడుతుంది? 1982లో టోక్యోలో నొబువో నకబయాషి దీనికి సమాధానం చూపాడు. ఆమ్లం డెంటిన్ పైపొరలోని ఖనిజాన్ని కొన్ని మైక్రానుల లోతున కరిగిస్తే, కొలాజెన్ పోగుల వల బయటపడుతుంది. నీటికీ నూనెకూ రెండింటికీ పొత్తు కుదిరే అణువులు ఆ వలలోకి ఇంకి, అక్కడే గట్టిపడితే, ప్రోటీనూ ప్లాస్టిక్కూ పెనవేసుకొన్న ఒక సంకర పొర ఏర్పడుతుంది. నారవస్త్రంలోకి గంజి ఇంకి బిగుసుకొన్నట్లన్నమాట. డెంటిన్ అతుకు బలంలో ముఖ్యభాగం ఆ సంకర పొరదే.

రెజిన్ గట్టిపడే తీరును కూడా కొంచెం గమనించాలి. ద్రవంలోని చిన్న అణువులు ఒకదాని చేయి ఒకటి పట్టుకొంటూ పొడవైన గొలుసులుగా మారుతాయి. సుమారు 470 నానోమీటర్ల నీలికాంతి పడగానే కాంఫర్‌క్వినోన్ అనే పదార్థం అమీనుతో చేరి స్వేచ్ఛా ప్రాతిపదికలను పుట్టిస్తుంది. జత లేని ఎలక్ట్రాను గల ఈ ప్రాతిపదిక ఒక అణువును పట్టుకొంటుంది, ఆ అణువు మరొకదానిని, అది ఇంకొకదానిని. ఈ పరుగు సాగినంతసేపే రెజిన్ గట్టిపడుతుంది. ఎవరైనా మధ్యలో గొలుసు తెంపితే పని అక్కడితో ఆగిపోతుంది.

విరోధం ఎక్కడ?

ఆ గొలుసు తెంపేవాడు ఆక్సిజన్. జత లేని ఎలక్ట్రానులు దాని అణువులో రెండున్నాయి. అది పెరుగుతున్న గొలుసు కొసను పట్టుకొని పెరాక్సీ ప్రాతిపదికగా మారుస్తుంది. ఈ కొత్త ప్రాతిపదిక బద్ధకస్తుడు. తరువాతి అణువును అందుకోవడంలో దానికి చురుకు లేదు. గాలి తగిలిన రెజిన్ పైపొర కాంతి వేసిన తరువాత కూడా జిగురుగా ఉండడానికి కారణమిదే.

హైపోక్లోరైట్ విఘటనం చెందినప్పుడు ఉప్పూ, ఆక్సిజనూ మిగులుతాయి. నాళికలతో నిండిన డెంటిన్, స్పాంజివలె, ఈ ఆక్సిజన్‌నూ ఆక్సీకరణ శేషాలనూ తనలో దాచుకొంటుంది. నీటితో పైపైన కడిగితే అవి పోవు. రెజిన్ వచ్చి చేరినప్పుడు సరిగా అతుకు దగ్గరనే, అన్నిటికంటె గట్టిపడవలసిన చోటనే, గొలుసులు పొట్టిగా తెగిపోతాయి. ఇది మొదటి దెబ్బ. రెండవ దెబ్బ కొలాజెన్‌కు తగిలేది. హైపోక్లోరైట్ ప్రోటీనును కరిగిస్తుందని చెప్పుకొన్నాం గదా! అది చెడిన మజ్జనూ మంచి కొలాజెన్‌నూ వేరుచేసి చూడలేదు. వల చెడిపోతే సంకర పొరకు నేయడానికి పోగులుండవు.

2001లో జార్జియా రాష్ట్రం అగస్టాలోని మెడికల్ కాలేజ్ ఆఫ్ జార్జియా పరిశోధకులు మారిస్, డేవిడ్ పాష్లీ ప్రభృతులు, 5 శాతం హైపోక్లోరైట్‌తో కడిగిన వేరు డెంటిన్‌కు రెజిన్ సిమెంటు అతుకుబలం గణనీయంగా తగ్గుతుందని ప్రయోగశాలలో చూపారు. అయితే అన్ని బంకలూ ఒకే విధంగా ప్రవర్తించవని కూడా గుర్తుంచుకోవాలి. కొన్ని బంకల విషయంలో నష్టం తక్కువగా, కొన్నింటిలో అసలు లేనట్లుగా ప్రయోగాలలో కనిపించింది. బంకలోని ద్రావణి, గట్టిపడే పద్ధతి, కడిగిన సమయం అన్నీ లెక్కలోకి వస్తాయి.

వేరుకాలువలో ఇంకొక చిక్కున్నది. రెజిన్ గట్టిపడేటప్పుడు ఘనపరిమాణంలో కొన్ని శాతాలు కుంచించుకొంటుంది. బయటికి తెరిచి ఉన్న ముఖాలు ఎక్కువైతే ఆ లాగుడు కొంత సర్దుకొంటుంది. మామూలు గుంటలో అతికిన వైశాల్యం తెరిచిన వైశాల్యానికి ఐదు రెట్ల వరకు ఉండవచ్చు. సన్నని వేరుకాలువలో ఈ నిష్పత్తి రెండు వందలు దాటవచ్చునని అంచనాలున్నాయి. అంత లాగుడుకు తట్టుకోవలసిన అతుకును హైపోక్లోరైట్ ముందే బలహీనపరిస్తే, కడ్డీ ఊడిరావడంలో ఆశ్చర్యమేమున్నది?

మనవారికి చిరపరిచితమైన లవంగనూనె కూడా ఈ కథలో ఒక పాత్రధారి. అందులోని యూజెనాల్ నొప్పి తగ్గిస్తుంది. జింక్ ఆక్సైడుతో కలిపి దానిని తాత్కాలిక ఫిల్లింగుగానూ కాలువ నింపే సిమెంటుగానూ వాడతారు. కాని ఫినాల్ జాతికి చెందిన యూజెనాల్ కూడా స్వేచ్ఛా ప్రాతిపదికలను పట్టి ఆపుతుంది. కనుక దాని శేషం ఉన్నచోట రెజిన్ పూర్తిగా గట్టిపడకపోవచ్చు.

విటమిన్ సి చేసే ఉపకారం

ఆక్సీకరణం వల్ల వచ్చిన కీడుకు విరుగుడు క్షయకరణం. కోసిన వంకాయ, ఆపిల్ ముక్కలు గాలికి నల్లబడతాయి. నిమ్మరసం చల్లితే నల్లబడవు. అందులోని ఆస్కార్బిక్ ఆమ్లం, అనగా విటమిన్ సి, తన ఎలక్ట్రానులను తాను ఇచ్చివేసి ఇతర పదార్థాలను ఆక్సీకరణం నుంచి కాపాడుతుంది. పైన చెప్పిన అగస్టా పరిశోధకులు హైపోక్లోరైట్ సోకిన డెంటిన్‌ను 10 శాతం ఆస్కార్బిక్ ఆమ్లంతోనో, దాని లవణమైన సోడియం ఆస్కార్బేట్‌తోనో తడిపి చూడగా, తగ్గిన అతుకుబలం తిరిగి వచ్చింది. అదే సంవత్సరం వెలువడిన మరొక పరిశోధనలో హైడ్రొజన్ పెరాక్సైడ్ వల్ల కలిగిన నష్టాన్ని కూడా సోడియం ఆస్కార్బేట్ సరిచేసింది. ఆ తరువాత ద్రాక్షగింజల సారం వంటి సహజ పదార్థాలపై కూడా ప్రయోగాలు జరిగాయి. వాటిలో భారతదేశపు దంతవైద్య కళాశాలలకు మంచి భాగమే ఉన్నది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. మొదటిది, ఈ ప్రయోగాలలో అత్యధికం పీకిన పళ్ళమీద ప్రయోగశాలలో చేసినవి. నోటిలో పదేళ్ళు నమిలిన పంటికి అదే ఫలితం వస్తుందని వాటినిబట్టి తీర్మానించరాదు. రెండవది, కరిగిపోయిన కొలాజెన్‌ను విటమిన్ సి తిరిగి పుట్టించలేదు. అది మొదటి దెబ్బకు మందు, రెండవ దెబ్బకు కాదు. పైగా ఆస్కార్బేట్ ద్రావణం గాలికీ వెలుతురుకూ తానే చెడిపోతుంది. ఎప్పటికప్పుడు తాజాగా కలుపుకోవాలి.

అందుచేత వైద్యులు ఎక్కువగా ఆధారపడేది వరుసక్రమం మీద. హైపోక్లోరైట్ తన పని తాను చేసిన తరువాత ఈడీటీఏ, ఆ తరువాత నీరు లేక ఉప్పునీరు సమృద్ధిగా వాడడం ఒక పద్ధతి. కాలువలు నింపిన తరువాత పైగది గోడలను పనిముట్టుతో పలుచగా గీకి, మందు సోకిన పొరను తీసివేసి, తాజా డెంటిన్‌పై బంక పూయడం మరొకటి. ఈడీటీఏ తరువాత మళ్ళీ హైపోక్లోరైట్‌ను ఎక్కువసేపు ఉంచితే, రక్షణ కోల్పోయిన కొలాజెన్ మరింత కరిగి గోడలు కొరికినట్లవుతాయి. క్లోర్‌హెక్సిడిన్ అనే మరొక క్రిమిసంహారిణి కొలాజెన్‌ను తినివేసే ఎంజైములను అణచి సంకర పొరకు మేలు చేస్తుంది. కాని మధ్యలో కడగకుండా హైపోక్లోరైట్‌తో కలిపితే నారింజ గోధుమ రంగు మడ్డి ఏర్పడి నాళికలను మూస్తుంది. మంచి మందులన్నీ కలిపితే మంచి మందు కాదన్న మాట!

ఒక తెలుగువాడి అడుగుజాడ

ఈ కథలో మనవాడి పేరొకటి తలచుకోవడం సముచితం. 2003లో కాలిఫోర్నియాలోని లోమాలిండా విశ్వవిద్యాలయానికి చెందిన మహమూద్ తొరాబినెజాద్ బృందం ఎంటాడ్ అనే కాలువ ద్రవాన్ని ప్రకటించింది. అందులో సిట్రిక్ ఆమ్లం, సబ్బువంటి ఒక పదార్థం, 3 శాతం డాక్సీసైక్లిన్ ఉంటాయి. డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందిన మందు. ఆ కుటుంబంలో తొలి మందు ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో దానిని కనుగొన్నది బెంజమిన్ డగ్గర్. అప్పుడు అక్కడి పరిశోధనలకు అధిపతి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అంతకు ముందే, 1925లో, హార్వర్డ్‌లో ఫిస్కే, సుబ్బారావు కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఒక క్షయకరణితో నీలిరంగు పుట్టించి, ఆ రంగు చిక్కదనాన్నిబట్టి భాస్వరం ఎంతో చెప్పే పద్ధతి అది.

ఎంటాడ్ కూడా వరుసక్రమపు పాఠమే చెప్పింది. హైపోక్లోరైట్ తరువాత నేరుగా దానిని వాడితే, వెలుతురు తగిలి డెంటిన్ ఎర్రని ఊదారంగుకు తిరగవచ్చునని 2006లో ప్రయోగశాలలో తేలింది. కారణం మళ్ళీ ఆక్సీకరణమే. మధ్యలో ఆస్కార్బిక్ ఆమ్లంతో కడిగితే ఆ రంగు రాలేదు.

మనం చేయగలిగినది

ఆవకాయ జాడీలో ముక్కలు ఎంత శుభ్రంగా తుడిచినా వాసెన సరిగా కట్టకపోతే బూజు పడుతుంది. పంటికీ అంతే. 1995లో ఫిలడెల్ఫియాలో రే, ట్రోప్ అనే పరిశోధకులు 1,010 పళ్ళ ఎక్స్-రేలు పరిశీలించి, వేరు ఎంత బాగా నింపారన్నదానికంటె పైమూత ఎంత బాగున్నదన్నదే ఆరోగ్యాన్ని ఎక్కువగా నిర్ణయిస్తున్నదన్నారు. ఆ తరువాతి పరిశోధనలను కలిపి చూసిన 2011 నాటి సమీక్ష రెండూ సమానంగా ముఖ్యమని తేల్చింది. 2004లో అమెరికా బీమా రికార్డుల నుంచి 14 లక్షల 62 వేలకు పైగా పళ్ళను లెక్కించిన అధ్యయనంలో, చికిత్స జరిగిన ఎనిమిదేళ్ళలోపల 97 శాతం పళ్ళు నోటిలోనే నిలిచాయి. పీకవలసి వచ్చిన వాటిలో 85 శాతం పళ్ళకు పూర్తి తొడుగు లేదు.

కనుక వైద్యుణ్ణి అడగదగిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. పన్ను చుట్టూ రబ్బరు తెర కడతారా? అది ఉమ్మినీటిని లోపలికి, హైపోక్లోరైట్‌ను గొంతులోకి పోనీయదు. కడిగిన తరువాత అతుకు కోసం డెంటిన్‌ను ఎట్లా సిద్ధం చేస్తారు? శాశ్వతమైన మూత, తొడుగు ఎన్ని రోజులలో వేస్తారు? ఇండియాలో సగం, ఇక్కడ సగం చేయించుకొనేవారు ఏ మందులు, ఏ సిమెంటు వాడారో కాగితంమీద రాయించుకొని తేవడం మంచిది. లోపల యూజెనాల్ ఉన్నదో లేదో తెలియడం తరువాతి వైద్యునికి ఎంతో ఉపకరిస్తుంది. ఇంట్లో బ్లీచ్‌తో పుక్కిలించడం, పంటిమీద విటమిన్ సి మాత్ర అరగదీయడం వంటి సొంతవైద్యం మాత్రం కూడదు. మొదటిది నోటిని కాలుస్తుంది. రెండవది ఎనామిల్‌ను కరిగిస్తుంది.

నొప్పి పోవడంతో చికిత్స ముగిసినట్లు మనకు తోస్తుంది. నిజానికి అప్పటికి క్రిములు పోయాయంతే. అవి మళ్ళీ రాకుండా తలుపు మూయడం మిగిలే ఉన్నది. ఆ తలుపు ఎంతకాలం నిలుస్తుందన్నది కొన్ని మైక్రానుల మందం గల అతుకు మీద ఆధారపడి ఉన్నది. తొడుగును వచ్చే ఏడాదికి వాయిదా వేసేముందు ఈ సంగతి ఒక్కసారి జ్ఞాపకం చేసుకొంటే చాలు.